బోర్లించిన కంచం

“కడిగింది నువ్వేనా, కాదా? ఒక్క మాట సెప్పు!”

గౌరి స్కూటీ ఇంకా పూర్తిగా ఆగనే లేదు. వెనక కూర్చున్న దుర్గాభవాని ఒక కాలు నేల మీద మోపిందో లేదో, వాకిట్లోంచి అత్త లక్ష్మణమ్మ గొంతు విసిరిన రాయిలా వచ్చి తగిలింది.

మిట్టమధ్యాహ్నం ఎండ. గుల్లలపేట వీధిలో మగ పురుగు లేదు. ఉన్న బోట్లన్నీ, గాలివానలో చిక్కి తిరిగిరాని నాగబాబు బోటును వెతకడానికి పోయాయి. ఆడవాళ్లు మాత్రం వాకిలి నిండా ఉన్నారు. భవానిని చూడగానే అందరూ పక్కకి జరిగి దారిచ్చారు.

“ఏటి కడగడం అత్తా?”

“ఆడి కంచం! నా కొడుకు కంచం! పొయ్యిగట్టు మీద బోర్లించినాది నువ్వా, కాదా?”

భవానికి ముందు అర్థం కాలేదు. తర్వాత పొద్దుటి పొయ్యిగట్టు కళ్ల ముందుకొచ్చింది. మరిది నాగబాబు కంచంలో నిన్నటి అన్నం నీళ్లలో నాని, పులిసి, ఈగలు ముసురుతోంది. రోజూ అతని భార్య హేమే ఆ అన్నం కాకులకు వేసి, మళ్లీ అదే కంచంలో వడ్డిస్తోంది. తను మాత్రం మెతుకు ముట్టడం లేదు. ఈ పిల్లకి ఈ ఒక్క పనైనా తప్పిద్దాం అనుకుంది భవాని. హేమ స్నానానికి వెళ్లిన వేళ కంచం తీసి, బూడిద పెట్టి తళతళా తోమి, నీళ్లు ఓడుతాయని బోర్లించింది. అలా చేశాక మనసుకు కాస్త హాయిగా కూడా అనిపించింది. చీపురుపల్లి అవతల ఆమె పుట్టింట్లో ఎంగిలి కంచం తెల్లారేదాకా ఉంటే తల్లి ఇల్లెగిరిపోయేలా తిట్టేది.

“నానే కడిగినాను. ఈగలు ముసురుతన్నాయని...”

“ఓలమ్మో!” అంది ఎవరో. చీర చెంగులు నోళ్లకి అడ్డం పోయాయి.

లక్ష్మణమ్మ ఉన్నచోటే కూలబడింది. కోపం పోయి, గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

“కడలి మీదున్న మనిషి కంచం కడుగుతారేటే? ఆడొచ్చి కడుపునిండా తిన్ననాడే కడుగుతాం. కడిగి బోర్లించీడమంటే ఏటో తెలుసా నీకు? ఇంక ఆడు రాడని! ఆ మాట ఇంటి పెద్ద నోటంట రావాల. మీ మావ సెప్తే గానీ ఆ కంచం తిరగబడదు. ఆ మనిషింకా పెద్దోడితో కలిసి ఒడిసా ఒడ్డమ్మట కొడుకు కోసం తిరగతన్నాడు. నువ్విక్కడ బోర్లించీసినావు!”

“నాకు తెల్దత్తా. అమ్మతోడు, నాకు తెల్దు.”

“నీకేటి తెలుస్తాది? వరిసేను మనిషివి. నా పెద్దోడు కోరి తెచ్చుకున్నాడని ఇంట్లోకి రానిచ్చినాను. పుట్టెడు సదువు సదివినావు. ఊరందరికీ ధైర్యం నేర్పడానికి టెక్కలి ఎల్తన్నావు. ఇంట్లో ఆడగుంట ఏమైపోతాదో సూసుకోనేదు!”

ఆ మాట భవానికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మానసిక ప్రథమ చికిత్స ట్రైనింగు. తుపాను వచ్చినప్పుడు, మనిషి పోయినప్పుడు, గుండె బెదిరిపోయిన వాళ్ల పక్కన ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో నేర్పుతారు. పేట నుంచి తనూ, కిరాణా కొట్టు గౌరీ చేరారు. నిజానికి ఈ పూట తను క్లాసు కోసం వెళ్లలేదు. హేమ తినదు, పలకదు, ఏడవదు, ఏం చెయ్యాలని ట్రైనింగిచ్చే కుమారి మేడమ్‌ని అడగడానికే వెళ్లింది. మేడమ్ అంతా విని ఒక్కటే అంది: ఆమెను మాత్రం ఒంటరిగా వదలకండి.

“అత్తా, హేమేదీ?”

అందరి చూపులూ లక్ష్మణమ్మ వైపు తిరిగాయి.

“హేమేదీ అనడుగుతన్నాను!”

“లేదు,” అంది లక్ష్మణమ్మ నేలకేసి చూస్తూ. “కంచం సూసి నాను కేకేసినాను. అది బయటికొచ్చినాది. సూసినాది. ఒక్క మాటనలేదు. నాను గంగమ్మ గుడికాడికి పరిగెట్టి, తప్పు కాయే తల్లీ అని మొక్కుకునొచ్చేసరికి... లేదు.”

“నువ్వు దాన్నొక్కదాన్నీ వదిలీసి ఎల్నావా?”

“నువ్వు ఎల్లనేదేటి?”

ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. ఇంకొక్క మాట అంటే ఆ మాట జీవితమంతా ఇంట్లో తిరుగుతుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆగిపోయారు.

“ఒడ్డంతా సూసొచ్చాం భవానీ,” అంది పక్కింటి ఆడమనిషి. “ఎక్కడా లేదు.”

ఎక్కడా లేదు అన్న మాటకి వెనక ఉన్న మాట ఎవరూ అనలేదు. తూరుపున కడలి మాత్రం తన హోరు తను హోరుమంటూనే ఉంది.

 భవాని గుమ్మం దాటి లోపలికి వెళ్లింది. మొదట చూడాలి అని నేర్పింది మేడమ్. కంగారులో మనిషికి కళ్లుండీ కనబడదు, కాబట్టి బలవంతంగా చూడాలి. ఏం ఉంది, ఏం లేదు?

మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది.  అన్నీ సర్దుకుని పోయిన మనిషి మడత అది. హేమ ఫోను దిండు మీదే ఉంది. పొయ్యిగట్టు ఖాళీగా ఉంది.

“అత్తా, కంచమేదీ?”

లక్ష్మణమ్మ తలుపు పట్టుకుని లేచింది. “అక్కడే ఉండాల! నాను ముట్టనేదు. దాన్ని ముడతానేటి!”

“హేమ అట్టుకెల్నాది.” భవాని చూపు గుమ్మం పక్కకు మళ్లింది. లక్ష్మణమ్మ చెప్పులున్నాయి. హేమ చెప్పులు లేవు. “చెప్పులేసుకుని ఎల్నాది అత్తా! ఇసకలోకి మీరెవ్వరూ చెప్పులేసుకెల్లరు గదా. కడలికి కాదు. రోడ్డుకెల్నాది!”

వాకిట్లో ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. ఎవరో గంగమ్మకి దణ్ణం పెట్టారు.

గౌరి ఒక్కతే పెట్టలేదు. స్కూటీ తిప్పుతూ, భవానికి మాత్రమే వినబడేలా అంది: “రోడ్డుకంటే నౌపడ వైపే గదే. కొట్టు సరుక్కని మనం సుట్టుదారినొచ్చాం, అందుకే ఎదురుపడనేదు. అటు రైలు పట్టాలున్నాయి.”

“బేగి నడుపు.”

“ఒలే భవానీ!” వెనక నుంచి లక్ష్మణమ్మ కేక. “మీ మావ ఫోను సేస్తే కంచం సంగతి సెప్పకు. ఆ మనిషి గుండె ఆగిపోతాది. మన హేమని... మన హేమని తీసుకురాయే తల్లీ.”

పెళ్లయి వచ్చాక అత్త నోట తల్లీ అన్న మాట భవాని వినడం అదే మొదలు. ఆ మాట ధైర్యం ఇవ్వలేదు సరికదా, ఉన్న భయాన్ని రెండింతలు చేసింది.

ఉప్పుమళ్ల మధ్య గట్టు రోడ్డు. రెండు పక్కలా మళ్లలో నీళ్లు ఎండకి అద్దాల్లా కళ్లు పొడుస్తున్నాయి. నడిచే మనిషి ఉంటే దూరం నుంచే కనబడాలి. కనబడటం లేదు.

గౌరికి భయం వేస్తే నోరు ఆగదు.

“ట్రైనింగులో అన్నీ నేర్పినారు గానీ గోతుల్లో స్కూటీ తోలడం నేర్పనేదే. ఏడ్చేవాళ్లకి నీళ్లియ్యాల అన్నారు. నీళ్ల సీసా తెచ్చినావా? తేనేదు గదా. నా సంచీలో ఉన్నాది. అందుకే సెప్తాను, కొట్టు నడిపేదానికున్న బుద్ధి బీయే సదివినోళ్లకి ఉండదు. అమ్మో భవానీ, నాకు సేతులొణుకుతన్నాయే.”

“రోడ్డు సూడు గౌరీ. మాటాడకు.”

“మాటాడకపోతే ఇంకా వొణుకుతాయే!”

ఉప్పు గుట్ట పక్కన, మళ్లలో పనిచేసే ముసలి కూర్మయ్య పార ఆనించుకుని బీడీ కాలుస్తున్నాడు. గౌరి బ్రేకు వేసింది.

“తాతా, ఇటు మా హేమెల్లినాదా? జోగయ్య చిన్నకోడలు?”

“ఎల్నాదమ్మా. కంచం బోర్లాగా గుండెకి అదిమీసి, సంటిపిల్లనెత్తుకున్నట్టు ఎత్తుకుని పోనాది. ఎక్కడికే గుంటా అంటే పలకనేదు. నాలుగడుగులేసి మళ్లీ ఎనక్కొచ్చి, టెక్కలి ఆటోలు ఎక్కడాగుతాయి తాతా అనడిగినాది. రైలు గేటుకాడ అని సెప్పినాను. ఏటమ్మా, ఆ అబ్బి కబురేటన్నా...”

రైలు గేటు అన్న మాట దగ్గరే భవాని చెవులు మూసుకుపోయాయి. ఆటోల సంగతి ఆమె బుర్రకెక్కలేదు. గౌరి స్కూటీని ముందుకు ఉరికించింది.

గేటు కనబడేసరికి అది కిందకి దిగి ఉంది. ఇటు ఒక లారీ, రెండు ఆటోలు, సైకిలు మీద చేపల బుట్ట. దూరంగా కూత.

“అదిగోనే!” అని గౌరి భవాని జబ్బ పట్టుకుంది.

పట్టాలకి అవతల, గేటు కర్రకి లోపల, కంకర కుప్ప మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పసుపుపచ్చ చీర. గుండెల మీద ఎండకి మెరుస్తున్న కంచం.

“హేమా!”

రైలు కూత ఆ పిలుపును మింగేసింది. హేమ తల తిప్పింది. భవానిని చూసింది. చూసి, ఒక అడుగు ముందుకు వేసింది.

“రాకు! అక్కడే ఉండు! హేమా, అక్కడే...”

గూడ్సు బండి మధ్యలోకి దూసుకొచ్చింది.

పెట్టె తర్వాత పెట్టె. ఎంత సేపు పోయినా తోక కనబడదు. పెట్టెల సందుల్లోంచి అవతలి ఎండ తళుక్కుమని, మళ్లీ ఇనుము. ఒక సందులో పసుపుపచ్చ కనబడినట్టయింది. తర్వాతి సందులో లేదు. గౌరి నోరు మూతపడింది. ఆమె గోళ్లు భవాని జబ్బలో దిగాయి. లారీవాడు ఇంజను ఆపకుండా పాటలు వింటున్నాడు. ఆ పాట ఆపమని అరవాలనిపించింది భవానికి.  తన చేత్తో బూడిద పెట్టి తోమిన కంచం. తన చేత్తో బోర్లించిన కంచం.

చివరి పెట్టె పోయింది.

హేమ ఉంది. కంకర కుప్ప మీద చతికిలబడి ఉంది. కంచం వదల్లేదు.

భవాని గేటు లేచేదాకా ఆగలేదు. కర్ర కింద దూరి, పట్టాలు దాటి పరుగెత్తింది. వెళ్లి చెంప పగలగొట్టాలనిపించింది. వాటేసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. నాలుగడుగుల దూరంలో ఆగి, ఊపిరి పీల్చుకుంది.

“పక్కన కూకోనా హేమా?”

హేమ కాళ్లు కాస్త దగ్గరికి లాక్కుంది. భవాని కంకర మీదే కూర్చుంది, భుజం తగిలీ తగలకుండా. గౌరి స్కూటీ అక్కడే పడేసి వచ్చి, సంచీలోంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి మధ్యలో పెట్టింది. ఏదో అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగింది. ఆమెకి అది పట్టాలు దాటడం కన్నా కష్టమైన పని.

గేటు లేచింది. లారీ పోయింది. ఆటోలు పోయాయి.  మాట్లాడించకండి, కూర్చోండి అనేది మేడమ్. క్లాసులో కూర్చోవడం ఎంత సులువు!

“ఎప్పుడొచ్చింది ఫోను?” అంది హేమ హఠాత్తుగా.

ఇన్ని రోజుల తర్వాత విన్న ఆ గొంతు బొంగురుగా, ఎవరిదో పరాయి మనిషిదిలా ఉంది.

“ఏ ఫోను?”

“నాటకాలాడకక్కా. నీకు ఫోనొచ్చినాది. బావ సేసుంటాడు. రాత్రో, పొద్దున్నో. నాకు సెప్పొద్దన్నాడు. అందుకే కంచం బోర్లించీసి, నాకు మొకం సూపించలేక టెక్కలి ఎల్లిపోనావు. ఎప్పట్లాగే నువ్వు ఆటో దిగుతావని ఇక్కడే నిలబడ్డాను. ఎండలో నిలబడ్డాను. వొచ్చిన ప్రతి ఆటోలోకీ సూసినాను.”

భవానికి అప్పుడు కూర్మయ్య మాట మొత్తం వినబడింది. ఈ పిల్ల చావడానికి రాలేదు. తన కోసం వచ్చింది. చావు కబురు తన దగ్గరుందని, అది పుచ్చుకోవడానికి వచ్చింది.

“హేమా, నాకు ఫోను రానేదు.”

“అబద్ధం.”

“రానేదే. ఈగలు ముసురుతన్నాయని కడిగినాను. నీకు ఒక పని తగ్గుతాదనుకున్నాను. మా ఇంటికాడ కంచాలు కడిగి బోర్లిస్తాం. మీకాడ దానికి ఇంత అర్థం ఉన్నాదని నాకు ఎవరూ సెప్పనేదు. నాను అడగనూ నేదు. తప్పు నాదే.”

హేమ ఆమె ముఖాన్ని దొంగని పట్టుకున్న పోలీసులా చూసింది. కళ్లు, నోరు, మళ్లీ కళ్లు.

“అయితే ఆడొస్తాడా?”

వస్తాడు అన్న మాట భవాని నాలిక కొసదాకా వచ్చింది. ట్రైనింగు మొదట్లో కుమారి మేడమ్ మొగుడు తప్పిపోయిన ఆడమనిషిలా నటించి, ఇదే మాట అడిగింది. వస్తాడమ్మా, ధైర్యంగా ఉండు అంది భవాని పెద్దమనిషి తరహాలో. నీకెలా తెలుసు అంది మేడమ్. క్లాసు క్లాసంతా నవ్వింది. భవానీ నవ్వింది. ఇప్పుడు వస్తాడు అంటే ఈ పిల్ల ఈ పూటకి లేచి ఇంటికి వస్తుంది. నీళ్లు తాగుతుంది. అంతకన్నా ఏం కావాలి?

“నాకు తెల్దు హేమా,” అంది.  “వస్తాడో రాడో నాకు తెల్దు. తెలిస్తే నీ కాడ దాచను. ఏటి తెలిసినా, మంచైనా సెడ్డైనా, నీకే ముందు సెప్తాను. ఒట్టు.”

హేమ పెదవులు అదిరాయి. పేటలో ఇన్ని రోజులుగా అందరూ, ఏడవకు, కడలి మీద మనిషుండగా ఏడిస్తే ఆడికి కీడు అన్నవాళ్లే. ఆ ఏడుపంతా ఎక్కడ దాచుకుందో, ముందు ఒక ఎక్కిలి, తర్వాత ఇంకొకటి, ఆపైన కడుపులోంచి పెద్ద కేక. సైకిలు మీద పోతున్నవాడు కాలు దింపి చూశాడు. గౌరి వాడివైపు ఒక చూపు చూసింది. వాడు తొక్కుకుంటూ పోయాడు.

భవాని ఊరుకో అనలేదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ వీపులో ఎముకలన్నీ చేతికి తగిలాయి.

చాలాసేపటికి హేమ సీసా ఎత్తి రెండు గుటకలు తాగింది. ముక్కు చీదుకుంది.

“బోర్లించిన సేత్తోనే తిరగెయ్యాల,” అంది. “మా అమ్మమ్మ సెప్పేది. ఎవరన్నా తెలీక బోర్లిస్తే, ఆ మనిషే తన సేత్తో ఎల్లకిలా పెట్టాల. ఇంకొకరు ముడితే పనికిరాదు. అందుకే దారంతా ఇలాగే బోర్లా అదుముకొచ్చినాను. నాను తిరగెయ్యనేదు.” కంచం ముందుకు చాచింది, అంచు వదలకుండా. “నువ్వెయ్యి.”

 నమ్మకమా, కాదా అన్న ఆలోచన ఆ క్షణాన ఆమెకి రాలేదు. చీర చెంగుకి చేతులు తుడుచుకుంది. కంచం అవతలి అంచు పట్టుకుంది. మెల్లగా ఎత్తింది. కంచం సగం తిరిగి, ఇద్దరి మధ్యా నిటారుగా నిలబడింది.

భవాని ఒడిలో ఫోను మోగింది. తెర మీద ఆమె భర్త నవీన్ పేరు.

హేమ కళ్లు ఫోను మీద పడ్డాయి. నువ్విప్పుడే ఒట్టు పెట్టావు అన్నాయి ఆ కళ్లు. భవాని ఒక చేత్తో కంచం పట్టుకునే, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించింది.

“ఏటయ్యా? ఏటైనాది?”

నవీన్ కాదు. వెనక కెరటాల చప్పుడు, ఎవరో ఒడియాలో గట్టిగా మాట్లాడుతున్నారు. దగ్గరగా ఒక ముసలి ఊపిరి. ఫోను ముట్టుకోవడమే ఇష్టంలేని మావ జోగయ్య.

“భవానీ...”

“మావా! నాగబాబు కబురేటన్నా...”

ఆయన ఊపిరి ఒకసారి ఎగిసి, దిగింది.

“హేమ నీ పక్కనున్నాదా?”

“ఉన్నాది మావా.”

అవతల ఒడియా మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కెరటాలు మాత్రమే వినబడుతున్నాయి.

“ఇంట్లో ఆడి కంచం... ఎలగున్నాదమ్మా?”

హేమ చెవి దగ్గరికి జరిగింది. బోర్లించమనడానికి అడుగుతున్నాడో, ఆశతో అడుగుతున్నాడో తెలియకుండానే భవాని నోరు తెరిచింది. ఆమె చేతిలో కంచం అంచు మీద నిలబడే ఉంది.